తెల్ల పిల్లి, ఆరు రాజ్యాలు: మదామ్ దోల్నువా జీవితం, ఆమె కథలు

ఫ్రెంచి ఫెయిరీ టేల్స్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు షార్ల్ పెరో. సిండ్రెల్లా, ఎర్ర టోపీ పాప, బూట్లేసుకున్న పిల్లి ఉన్న ఆయన పుస్తకం 1697 జనవరిలో పారిస్‌లో వచ్చింది. దానికి ఏడేళ్ల ముందే ఒక స్త్రీ తన నవల మధ్యలో ఫెయిరీల కథ ఒకటి పెట్టి అచ్చు వేయించింది. ఆ కాలంలో మొదలైన ఫెయిరీ టేల్స్ వెల్లువలో అచ్చయిన మొదటి కథ అదే. పెరో పుస్తకం వచ్చిన ఏడాదే ఆమె కూడా తన కథల్ని సంపుటాలుగా తెచ్చింది. ఆ సంపుటాలకు ఆమె పెట్టిన ‘ఫెయిరీల కథలు’ అన్న పేరే తర్వాత ఈ రకం కథలన్నిటికీ పేరుగా స్థిరపడిపోయింది.

ఆమె మదామ్ దోల్నువా. పూర్తి పేరు మరీ-కాతరిన్ ల్ జుమెల్ ద బార్న్‌విల్. భర్త కొన్న జమీ పేరు దోల్నువా, ఆ పేరుతోనే పుస్తకాల మీద నిలిచింది.

ఆమె కథలు ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో దొరుకుతాయి. మూడొంతులు కత్తిరించి, రంగు బొమ్మలేసి అమ్ముతారు. నా అభిప్రాయంలో ఆ కత్తిరింపుల్లో పోయేది సరిగ్గా ఆమె రాసిన భాగమే. పెళ్లి ఎవరు కుదురుస్తారు, ఆస్తి ఎవరి చేతిలో ఉంటుంది, ఇచ్చిన మాటకి ఎవరు బలవుతారు అన్న లెక్కలు ఆమె కథల నిండా ఉంటాయి. అవి ఎక్కణ్నుంచి వచ్చాయో తెలియాలంటే జీవితం దగ్గర మొదలుపెట్టాలి.

ఆమె 1650ల మొదట్లో నార్మండీలో పుట్టింది. ఓన్‌ఫ్లర్ రేవుకి దగ్గరలోని బార్న్‌విల్ ఆమె ఊరు. 1666 మార్చి 8న, ఇంకా పదహారైనా దాటని వయసులో, ఫ్రాన్స్వా ద లా మోత్ అనే అతనికిచ్చి పెళ్లి చేశారు. అతను ఆమె కంటే దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్ద. వాందోమ్ డ్యూక్ కొలువులో పైకొచ్చి, 1654లో దోల్నువా జమీ కొని బారన్ అయ్యాడు. తాగుడు, జూదం రెండూ ఉన్నాయని పేరు. ఈ దంపతుల లెక్కలో ఆరుగురు పిల్లలు. మొదటి ఇద్దరూ పసితనంలోనే పోయారు. చివరి ఇద్దరూ భార్యాభర్తలు విడిపోయాక పుట్టినవాళ్లు, అయినా చట్టం దృష్టిలో బారన్ పిల్లలే.

అప్పటి ఫ్రాన్సులో విడాకులు లేవు. పెళ్లయిన స్త్రీ ఆస్తి మీద పెత్తనం మొగుడిది. కోర్టుకెళ్లి ఆస్తి వేరు చేయించుకోవచ్చుగాని, అందుకు డబ్బూ కావాలి, అండగా మనిషీ కావాలి. మొగుడికి పలుకుబడి ఉంటే రాజుగారి ఉత్తరువు తెచ్చి భార్యను కాన్వెంట్‌లో, అంటే సన్యాసినుల మఠంలో, పెట్టించగలడు. అలా వెళ్లినవాళ్లు ఎప్పుడు బయటికొస్తారో చెప్పేవాళ్లుండరు. ఆమె కథల్లో తలుపుల్లేని బురుజులు ఎందుకన్ని కనబడతాయో ఇది తెలిస్తే వేరే వివరణ అక్కర్లేదు.

1669లో పెద్ద గొడవ జరిగింది. బారన్ రాజుకు వ్యతిరేకంగా మాట్లాడాడని ఇద్దరు మనుషులు ఫిర్యాదు చేశారు. రాజద్రోహం రుజువైతే తల తీసేస్తారు. అతన్ని బాస్టీల్ జైల్లో వేశారు. విచారణ సాగేకొద్దీ కథ అడ్డం తిరిగింది. ఆరోపణ కల్పితమని తేలింది, తలలు పోయింది ఫిర్యాదు చేసిన ఇద్దరివీ. ఆ ఇద్దరూ బారన్ భార్యకూ అత్తగారికీ సన్నిహితులు. అల్లుణ్ని వదిలించుకోవడానికి అత్తగారే ఈ పన్నాగం పన్నిందని అందరూ అనుకున్నారు. ఆవిడ, అంటే మార్కీజ్ ద గ్యుదాన్, దేశం విడిచి పారిపోయి చివరికి స్పెయిన్‌లో స్థిరపడింది. కూతురి మీదా అనుమానం పడింది.

ఇక్కణ్నుంచి ఇరవై ఏళ్ల పాటు ఆమె జీవితం గురించి చెప్పే కథలు రసవత్తరంగా ఉంటాయి. పట్టుకోవడానికొచ్చిన భటుల్ని తప్పించుకుని కిటికీలోంచి దూకిందని, చర్చిలో దాక్కుందని, ఇంగ్లండులో, స్పెయిన్‌లో ఫ్రాన్సు తరఫున గూఢచారిగా పనిచేసిందని, దానికి బహుమానంగానే తిరిగి రానిచ్చారని. నెట్‌లో ఏ పరిచయ వ్యాసం చూసినా ఇవే. వీటిని జరిగిన విషయాలుగా చెప్పకండి. ఇవి ఆమె నవలల నాయికలు చేసే పనులు. రచయిత్రి రాసిన కథ వెనక్కి వచ్చి ఆమె జీవితచరిత్రలో కూర్చుందని నా నమ్మకం. పెళ్లి, ఫిర్యాదు, బాస్టీల్, మరణశిక్షలు, తల్లి పారిపోవడం, వీటి వరకూ గట్టి నేల.

గట్టి నేల మళ్లీ 1690లో దొరుకుతుంది. ఆ ఏడు స్పెయిన్ రాజసభ మీద జ్ఞాపకాల పుస్తకం ఒకటి, డగ్లస్ ప్రభువు ఇపోలిత్ కథగా ఒక నవల వచ్చాయి. మరుసటేడు స్పెయిన్ ప్రయాణం మీద ఉత్తరాల రూపంలో మరో పుస్తకం. స్పెయిన్ పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి, ఇంగ్లీషులోకి వెంటనే వెళ్లాయి. వాటిని రెండు వందల ఏళ్లకు పైగా చరిత్రకారులు ప్రత్యక్షసాక్షి వాంగ్మూలంగా వాడుకున్నారు. 1926లో ఫూల్షే-దెల్‌బోస్క్ అనే పండితుడు పాత యాత్రా గ్రంథాలతో వాక్యం వాక్యం పోల్చి, ఇందులో చాలా భాగం అక్కణ్నుంచి ఎత్తుకున్నదేనని, ఆమె అసలు స్పెయిన్‌కి వెళ్లనేలేదని వాదించాడు. వెళ్లిందా లేదా అన్న వాదన సాగుతూనే ఉంది. నాకు ముఖ్యంగా తోచేది వేరే. ఇతరుల పుస్తకాల్లోని ముక్కల్ని తీసుకుని, వాటి మధ్య సంభాషణలూ బట్టల వర్ణనలూ అల్లి, చదివేవాళ్లు కళ్లారా చూసినట్టు నమ్మేలా చేయడం ఆమె పని పద్ధతి. ఫెయిరీ టేల్స్‌కీ అదే పద్ధతి వాడింది.

ఇపోలిత్ నవల్లో ఉన్నదే ఆ మొదటి కథ, ‘ఆనంద ద్వీపం’. నాయకుడు తను ప్రేమించిన అమ్మాయిని చూడటానికి చిత్రకారుడి సహాయకుడి వేషంలో కాన్వెంట్‌లోకి దూరతాడు. మఠాధిపతురాలి చిత్రం గీస్తున్నంత సేపూ ఆవిడకి విసుగు పుట్టకుండా ఒక కథ చెబుతాడు. ఆ కథలో రష్యా రాజు అడోల్ఫ్ ఎలుగుబంటి వేటలో దారి తప్పి, గాలులుండే గుహకి చేరతాడు. మెత్తని పడమటి గాలి జెఫిర్ అతన్ని ఎత్తుకుపోయి ఆనంద ద్వీపంలో దించుతాడు. అక్కడి రాకుమారితో కొద్ది నెలలు గడిపాననుకుంటాడు గాని, బయట మూడు వందల ఏళ్లు గడిచిపోతాయి. తిరిగి వెళ్తానంటే ఆమె గుర్రం ఇచ్చి ఒకటే మాట చెబుతుంది: నీ దేశం చేరేవరకూ దిగొద్దు. దారిలో బండి బోల్తాపడి దాని కింద ఒక ముసలాయన మూలుగుతుంటాడు. బండి నిండా అరిగిపోయిన రెక్కలు. జాలిపడి అడోల్ఫ్ దిగుతాడు. ముసలాయన లేచి, నేను కాలాన్ని, నీకోసం వెతికీ వెతికీ ఈ రెక్కలన్నీ అరగ్గొట్టుకున్నాను అని అతని ఊపిరి తీసేస్తాడు.

మొదటి కథే విషాదాంతం. నాయకుణ్ని చంపింది దుర్గుణమేమీ కాదు, ఆపదలో ఉన్నవాడికి సాయం చేయబోవడం. ఆమె లోకంలో మంచి పనికి మంచి ఫలితం వచ్చి తీరాలన్న నియమం ఏమీ లేదని ఇక్కడే తెలిసిపోతుంది.

1690ల నాటికి ఆమె పారిస్‌లో సాఁ-బెన్వా వీధిలో సెలోన్ నడుపుతోంది. సెలోన్ అంటే ఇంటావిడ వారానికి కొన్ని రోజులు చదువుకున్నవాళ్లని ఇంటికి పిలిచి, మాటలూ కవితలూ ఆటలూ సాగించే కొలువు. రాజసభలో అప్పుడు వాతావరణం బరువుగా ఉంది. పద్నాలుగో లూయీ ముసలివాడై భక్తి మార్గం పట్టాడు, 1688 నుంచి 1697 దాకా యుద్ధం, 1693–94లో ఘోరమైన కరువు. సెలోన్లలో మాత్రం ఫెయిరీ కథలు చెప్పుకునే ఆట ఊపందుకుంది. ఆట నియమం సులువు: అందరికీ తెలిసిన పల్లె కథ ఎముకలు తీసుకోవాలి, అప్పటికప్పుడు చెబుతున్నట్టు వినిపించాలి, లోపల మాత్రం ఆ గదిలో ఉన్నవాళ్లకే తగిలే చమత్కారాలు ఉండాలి. మదుమాజెల్ లెరిత్యే, కాతరిన్ బెర్నార్, లా ఫోర్స్, కౌంటెస్ మ్యురా, వీళ్లంతా ఆ నాలుగైదేళ్లలోనే కథలు అచ్చు వేశారు. రాసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే.

వాళ్లందరిలో ఎక్కువ రాసింది దోల్నువానే. 1697–98లో వచ్చిన మొదటి వరసలో నాలుగు భాగాలు, 15 కథలు. 1698లో వచ్చిన రెండో వరసలో మరో నాలుగు భాగాలు, 9 కథలు. ‘ఆనంద ద్వీపం’ కలిపితే మొత్తం 25. అన్నీ చేతిలో ఇమిడే డ్యుయోడెసిమో సైజు పుస్తకాలు. మొదటి వరసని రాజుగారి తమ్ముడి భార్యకు అంకితమిచ్చింది.

కొన్ని కథలు విడిగా ఉంటాయి, మిగతావి పెద్ద నవలికల్లో పొదిగి ఉంటాయి. మన కాశీమజిలీ కథల్లో మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు గోపుడికి కథ చెప్పినట్టు, ఇక్కడ స్పానిష్ ప్రభువులూ ప్రభుపత్నులూ పొద్దుపోక ఒకరికొకరు కథలు చదివి వినిపించుకుంటారు. చివరి నవలికలో చుట్టుకథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది: పారిస్ సాఁ-దెనీ వీధి వర్తకుడు ఒకాయన నార్మండీకొచ్చి, తను ప్రభువునని చెప్పుకుంటూ, చదివిన వీరగాథలన్నీ నిజమనుకుంటూ నవ్వులపాలవుతాడు. ఆ ఊరి అమ్మాయిలు ఫెయిరీ కథలు రాసేస్తుంటారు. తన చుట్టూ నడుస్తున్న ఫ్యాషన్‌ని తనే ఆటపట్టించింది. తర్వాతి ప్రచురణకర్తలు చేసిన మొదటి పని ఈ చుట్టుకథల్ని తీసిపారేయడం. దాంతో ఎవరు ఎవరికి, ఎందుకు చెబుతున్నారో పోయి, ఏదో అమ్మమ్మ మనవళ్లకు చెబుతున్న వాలకం వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఈ కథల్ని ఏకంగా ‘మదర్ బంచ్’ అనే ఊహా ముసలమ్మ పేరు మీద అమ్మేశారు.

ఇప్పుడు ‘తెల్ల పిల్లి’ని దగ్గరగా చూద్దాం. ఆమె పనితనం మొత్తం అందులో కనబడుతుంది.

ఒక రాజుకి ముగ్గురు కొడుకులు. గద్దె ఎక్కడ లాక్కుంటారోనని భయం, దిగిపోవాలని మాత్రం లేదు. అందుకని ఏడాది గడువిచ్చి, అందరికంటే చక్కని చిట్టి కుక్కపిల్లను తెచ్చినవాడికే రాజ్యం అంటాడు. ఇది జానపద కథల్లో ఎక్కడైనా దొరికే ఎత్తుగడే, జంతురూపంలోని వధువు, మూడు పరీక్షలు. తేడా ఎక్కడంటే, ఆమె రాజు మొదటి పేరాలోనే రాజకీయం ఆడుతున్నాడు. పరీక్షలు వారసుణ్ని తేల్చడానికి కాదు, వాయిదా వేయడానికి.

చిన్నవాడు వానలో ఒక కోటకి చేరతాడు. తలుపు దగ్గర వజ్రాల గొలుసుకి జింక కాలు ఒకటి వేలాడుతుంటుంది, అదే గంట తాడు. ఇంత వజ్రాలు ఎవరూ దొంగిలించకుండా ఎలా ఉన్నాయా అని అతను ఆశ్చర్యపడతాడు. లోపల మనుషులుండరు, గాల్లో తేలే చేతులు మాత్రం దివిటీలు పట్టుకుని దారి చూపిస్తాయి. గోడల మీద ప్రసిద్ధ పిల్లుల చిత్రాలు: ఎలుకల సభలో కాళ్లకి ఉరేసుకుని వేలాడే పిల్లి, బూట్లేసుకున్న పిల్లి. అంటే 1698లోనే, ఏడాది కిందట వచ్చిన పెరో కథ మీద విసురు గోడకెక్కింది. భోజనంలో రెండు గిన్నెల సూపు వస్తుంది, ఒకటి పావురాలతో, రెండోది బలిసిన ఎలుకలతో. అతని ముఖం చూసి పిల్లి మర్యాదగా చెబుతుంది: మీ వంట వేరే చేయించాను, ఎలుకా చుంచూ కలవలేదు, నిశ్చింతగా తినండి.

తర్వాత పిల్లులకీ ఎలుకలకీ నావికా యుద్ధం, పిల్లులకి బెండు ముక్కలు, ఎలుకలకి గుడ్డు పెంకులు పడవలు. ఎలుకలు ఓడిపోతుంటే తెల్ల పిల్లి యుద్ధం ఆపించేస్తుంది. దేశంలో ఎలుకలన్నవే లేకుండా పోతే తన ప్రజలకు పనుండదు, పనిలేని ప్రజలు తనకే చేటు తెస్తారని ఆమె ఆలోచన. పద్నాలుగో లూయీ యుద్ధాల కాలంలో పారిస్‌లో కూర్చుని చదివినవాళ్లకి ఇది పిల్లి గురించి రాసిన వాక్యంలా వినిపించి ఉండదు.

గడువు అవగానే పిల్లి అతనికి ఒక సింధూర గింజ, అంటే ఓక్ చెట్టు కాయ, ఇస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కుక్కపిల్ల మొరుగుతుంటుంది. రెండో ఏడాది పరీక్ష సూది బెజ్జంలో దూరేంత సన్నని బట్ట. ఈసారి వాల్‌నట్ కాయ ఇస్తుంది. సభలో పగలగొడితే అందులో హేజల్‌నట్, దానిలో చెర్రీ గింజ, దాని పప్పులో గోధుమ గింజ, అందులో కొర్ర గింజంత చిన్నది. ఒక్కొక్కటీ తెరిచేకొద్దీ సభ నవ్వుతుంది. అతనికీ నమ్మకం సడలి, తెల్ల పిల్లీ, నన్ను వెక్కిరించావు అని గొణుగుతాడు. ఆ క్షణంలో చేతి మీద కనబడని గోరు ఒకటి రక్తం వచ్చేలా గీరుతుంది. ఆఖరి గింజలోంచి 400 ఓనుల బట్ట బయటికొస్తుంది. పారిస్ ఓను దాదాపు 1.19 మీటర్లు, అంటే 475 మీటర్లు. దాని మీద పక్షులు, చేపలు, చెట్లు, సూర్యచంద్రులు, రాజుల చిత్రాలు. సూది బెజ్జంలోంచి ఆరుసార్లు లాగి చూస్తారు. సంక్షిప్త ప్రతుల్లో ఈ గింజల వరస రెండుకి కుదించేస్తారు, గోటి గీత తీసేస్తారు. అప్పుడు మిగిలేది మాయ వస్తువు ఒకటే. అసలు రచనలో ఆ దృశ్యం నడిచేది అనుమానం మీద, ప్రతి గింజకీ ఒక మెట్టు పెరిగే అనుమానం.

మూడో ఏడాది అతి సుందరి అయిన రాకుమారిని తేవాలి. పిల్లి, నా తలా తోకా నరికి మంటలో వెయ్యి అంటుంది. ఏడుస్తూ వేస్తాడు. అమ్మాయి బయటికొస్తుంది, వచ్చి తన కథ తనే చెబుతుంది. ఈ భాగం పిల్లల పుస్తకాల్లో తరచూ ఉండదు. ఆమె తల్లి కడుపుతో ఉండి ఫెయిరీల తోటలోని పళ్ల మీద మనసు పడి, పళ్లకి బదులు పుట్టబోయే కూతుర్ని ఇచ్చేస్తానని మాటిచ్చింది. ఫెయిరీలు ఆ పిల్లని తలుపుల్లేని బురుజులో పెంచి, మిగోనే అనే వికృతమైన మరుగుజ్జు రాజుకిచ్చి పెళ్లి చేయబోయారు. ఆమె తనకు నచ్చినవాణ్ని బురుజులోకి రానిచ్చుకుంది. ఫెయిరీల డ్రాగన్ అతన్ని మింగేసింది, ఆమెను పిల్లిని చేశారు. తల్లి కుదిర్చిన బేరం, ఇష్టంలేని మొగుడు, తప్పించుకునే ప్రయత్నం, శిక్ష. 1666లో బార్న్‌విల్ పిల్లకి జరిగినదానికి ఇది నకలని అననుగాని, ఈ లెక్క ఎవరికి తెలుస్తుందో తేలికగానే ఊహించవచ్చు.

ఇక ముగింపు. మామగారు ఇంకా గద్దె దిగలేక బాధపడుతుంటే ఆమె అంటుంది: నాకు ఆరు రాజ్యాలున్నాయి, మీకొకటి, మీ పెద్ద కొడుకులిద్దరికీ చెరొకటి ఇస్తాను, మీది మీరే ఉంచుకోండి. మూడేళ్ల పోటీ అంతా ఎవరి రాజ్యం కోసమో, ఆ రాజ్యమే ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. మూడు పంచినా ఆమె చేతిలో ఇంకా మూడున్నాయి.

ఆస్తి లెక్క ‘ఫినెట్ సాండ్రోన్’లోనూ ఇంతే కచ్చితంగా ఉంటుంది. ఇది సిండ్రెల్లా, చిటికెన వేలంత పిల్లాడి కథ రెండూ కలిపి కుట్టిన కథ. రాజ్యం పోగొట్టుకుని దివాలా తీసిన రాజూరాణీ ముగ్గురు కూతుళ్లని అడవిలో వదిలేస్తారు. ఆ ఆలోచన తల్లిది. ఫినెట్ మొదటిసారి దారం ఉండతో, రెండోసారి బూడిదతో దారి గుర్తు పెట్టుకుని తిరిగొస్తుంది. మూడోసారి బఠానీలు చల్లితే పావురాలు తినేస్తాయి. తర్వాత రాక్షసుణ్ని అతని పొయ్యిలోకే తోసేస్తుంది, రాక్షసికి తల దువ్వుతూ గొడ్డలితో నరుకుతుంది. జోడు గాజుది కాదు, ముత్యాలు కుట్టిన ఎర్ర మఖమల్ చెప్పు. రాకుమారుడు పెళ్లి అనగానే ఆమె ఒప్పుకోదు. ముందు తన కథ చెబుతుంది. తన తండ్రి రాజ్యం లాక్కుంది ఆ రాకుమారుడి తల్లిదండ్రులేనని తేలుతుంది. అది తిరిగిస్తేనే పెళ్లి అంటుంది. వాళ్లకి వందకి పైగా రాజ్యాలున్నాయి, ఇచ్చేస్తారు. పెళ్లికి ముందే ఆస్తి దస్తావేజు రాయించుకున్న సిండ్రెల్లా ఈమె.

‘నీలి పిట్ట’లో రాజు షార్మాఁ తనకిష్టంలేని పిల్లని చేసుకోనన్నందుకు ఏడేళ్లు పిట్టగా బతకాల్సొస్తుంది. తను ప్రేమించిన రాకుమారి ఫ్లోరిన్ ఉన్న బురుజు కిటికీకి రోజూ రాత్రి వస్తాడు. ఆమె సవతితల్లి కనిపెట్టి అతను వాలే సైప్రస్ చెట్టు నిండా కత్తులూ మంగలి కత్తులూ కట్టిస్తుంది. కాళ్లూ రెక్కలూ తెగి అతను పడిపోతాడు, మోసం చేసింది ఫ్లోరినే అనుకుంటాడు. తర్వాత ఆమె బిచ్చగత్తె వేషంలో అతని కోటకి వెళ్లి, అతని గదికి మాట వినిపించే ప్రతిధ్వనుల గదిలో మూడు రాత్రుల నిద్రకి వెల కడుతుంది. ఒక రాత్రి వెల ఆరు ఆకుపచ్చ ఎలుకలు లాగే ఉక్కు బండి. గోడు వెళ్లబోసుకుంటుంది, జవాబుండదు. కారణం మాయ కాదు, రాజు నిద్రపట్టక రోజూ నల్లమందు వేసుకుంటున్నాడు. పనివాళ్లకి లంచమిస్తేగాని ఆ సంగతి బయటపడదు. ఇన్ని మాయల మధ్య అసలు అడ్డంకి నల్లమందు కావడం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

సుఖాంతం కాని కథలు కావాలంటే ‘పసుపు మరుగుజ్జు’ చదవండి. రాణి సింహాల్ని మచ్చిక చేసుకోవడానికి కొర్రలు, కలకండ, మొసలి గుడ్లు కలిపి రొట్టె చేసుకుని బయల్దేరుతుంది, దారిలో నిద్రపోతుంది, రొట్టె పోతుంది. సింహాలొచ్చేసరికి నారింజ చెట్టు మీది మరుగుజ్జుకి కూతుర్నిస్తానని ఒప్పుకుంటుంది. కూతురూ అదే దారిన వెళ్లి అదే వలలో పడుతుంది. ఆ కూతుర్ని ప్రేమించిన బంగారు గనుల రాజు జలకన్య ఇచ్చిన వజ్రపు కత్తితో స్ఫింక్స్ మృగాల్నీ డ్రాగన్లనీ గెలుచుకుంటూ వస్తాడు. తీరా ప్రియురాలి ముందుకొచ్చి, కాళ్ల మీద పడబోతూ కత్తి జారవిడుస్తాడు. మరుగుజ్జు దాన్ని అందుకుంటాడు. ఇద్దరూ చనిపోతారు, జలకన్య వాళ్లని కొమ్మలు పెనవేసుకున్న రెండు తాటి జాతి చెట్లుగా మారుస్తుంది. అన్ని జాగ్రత్తలూ చెప్పి, ఒక్క క్షణం పరధ్యానంతో కథ ముగించడం ఆమెకి అలవాటు. గుర్రం దిగిన అడోల్ఫ్‌కీ ఇదే జరిగింది.

ఈ కథలన్నీ పల్లె నోళ్లలోంచే నేరుగా వచ్చాయనుకోకూడదు. రెండో వరస చివర ఉన్న మూడు కథలు, ‘బెల్-ఎత్వాల్’, ‘పంది రాకుమారుడు’, ‘డాల్ఫిన్’, వెనిస్‌లో 1550లలో స్త్రాపరోలా వేసిన ఇటాలియన్ కథల నుంచి తీసుకున్నవి. ఆ పుస్తకం పదహారో శతాబ్దంలోనే ఫ్రెంచిలోకి వచ్చింది. తీసుకుని ఏం చేసిందో ‘పంది రాకుమారుడు’లో చూడొచ్చు. పందికిచ్చి పెళ్లి చేసిన మొదటి అమ్మాయికి ఆమె ఒక పేరు, ఒక ప్రేమ, ఒక నిర్ణయం ఇచ్చింది. ఇస్మేన్ తను ప్రేమించినవాడితో కలిసి పెళ్లిరాత్రే ప్రాణం తీసుకుంటుంది. పాత కథలో కేవలం పరీక్షలో ఓడిన పిల్ల, ఇక్కడ బలవంతపు పెళ్లికి సాక్ష్యం.

1699 జూన్‌లో ఆమె స్నేహితురాలు మదామ్ తికే తల తీశారు. న్యాయాధికారి అయిన భర్తను చంపించబోయిందని నేరం. దోల్నువా పేరూ పుకార్లలో నలిగింది. ఈ సంఘటన తర్వాత ఆమె ఇరవై ఏళ్లు సమాజానికి దూరంగా బతికిందని చాలాచోట్ల రాస్తారు. అది కుదరని పని. ఆమె 1703లో ఇంకో నవల అచ్చు వేసింది, 1705 జనవరిలో పారిస్‌లో చనిపోయింది. ఒకరు రాసిన తప్పు ఇంకొకరు ఎత్తుకుంటూ పోయారు. బారన్ ఆమె కంటే ముందే, 1700లో పోయాడు. ఇటలీలోని పాదువాలో ఉన్న పండితుల సంఘం రికొవ్రాతి అకాడమీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. అప్పట్లో ఫ్రెంచి అకాడమీలో స్త్రీలకు చోటు లేదు.

కథలు మాత్రం ఆగలేదు. త్రువా పట్టణపు నీలి అట్టల చౌక పుస్తకాల్లో పల్లెలకు పోయాయి. 1785–89 మధ్య వచ్చిన 41 సంపుటాల ఫెయిరీ కథల భాండాగారంలో చేరాయి. లండన్ రంగస్థలానికి నాటక రచయిత ప్లాంషే వాటిని నాటకాలుగా తెచ్చాడు. 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆడిన చైకోవ్‌స్కీ ‘స్లీపింగ్ బ్యూటీ’ మూడో అంకంలో పెళ్లి అతిథులుగా నాట్యమాడే నీలి పిట్ట, ఫ్లోరిన్, తెల్ల పిల్లి ఆమె మనుషులే. పెరో కథ మీద కట్టిన బ్యాలేలో జనం చప్పట్లు కొట్టేది ఎక్కువగా ఆమె పిట్టకి.

చదవాలనుకుంటే, ఫ్రెంచి వచ్చినవాళ్లకి పాత ప్రతులు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం గాలికా సైటులో ఉచితం. ఇంగ్లీషులో అయితే 1892లో లండన్‌లో వచ్చిన అనువాదం కాపీరైటు గడువు దాటిపోయింది, వెతికితే దొరుకుతుంది. చేతికొచ్చిన ప్రతి పూర్తిదో కాదో తేల్చుకోవడానికి ‘తెల్ల పిల్లి’ తెరిచి చూడండి. ఎలుకల సూపు ఉందా, చేతి మీద గోటి గీత ఉందా, అమ్మాయి తన బురుజు కథ తనే చెబుతోందా, చివర పద్యంలో నీతి ఉందా. ఇందులో రెండు లేకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టండి. అది పూర్తయ్యాక ‘ఫినెట్ సాండ్రోన్’, తర్వాత ‘నీలి పిట్ట’, ఆ పైన ‘పసుపు మరుగుజ్జు’. మొదటి వరసని మొదటి పేజీ నుంచి పట్టుకుంటే బట్టల వర్ణనలూ విందులూ ఎక్కువై మధ్యలో వదిలేసే ప్రమాదం ఉంది. ఆమె కథలు ఒక్కొక్కటీ పెరో కథలకు నాలుగైదింతలుంటాయి, అవి గదిలో నలుగురి మధ్య చదివి వినిపించడానికి రాసినవి. ఒక్కో సాయంత్రానికి ఒకటి చొప్పున, వీలైతే పైకి చదువుకోండి. తెల్ల పిల్లి యుద్ధం ఆపించే దగ్గర వింటున్నవాళ్లు తప్పకుండా నవ్వుతారు.